కుక్కర్ మూత మీద ఆ చిన్న బటన్ ఎవరి ఐడియా? పొగబండిని తొలిసారి పట్టాలెక్కించి.. పేరు లేని సమాధిలో మిగిలిపోయిన ట్రెవిథిక్ కథ

వరంగల్: మీ ఇంట్లో ప్రెషర్ కుక్కర్ ఉందా? ఒక్కసారి మూత తీసి చూడండి. విజిల్ పెట్టే గొట్టానికి పక్కనే చిన్న గుండ్రటి బటన్ లాంటిది కనిపిస్తుంది. మనం దాన్ని సేఫ్టీ వాల్వ్ అంటాం. వీధిలోకి కుక్కర్ రిపేర్ అతను వచ్చినప్పుడు గాస్కెట్‌తో పాటు మార్చేది దాన్నే. పప్పు పెట్టి మర్చిపోయి, లోపల నీళ్లు మొత్తం ఇంకిపోతే ఆ బటన్‌లో ఉన్న మెత్తటి లోహం కరుగుతుంది. ఆవిరి బయటికి తన్నుకొస్తుంది. పప్పు పోతుంది కానీ కుక్కర్ పేలదు.

ఈ ఐడియా రెండు వందల ఏళ్ల కిందటిది. దాని వెనక నలుగురి ప్రాణాలు పోయిన ఓ ప్రమాదం ఉంది. ఆ ప్రమాదం తర్వాత ఈ ఏర్పాటు చేసిన మనిషే ప్రపంచంలో మొట్టమొదటిసారి ఆవిరి ఇంజిన్‌ని పట్టాల మీద నడిపించి, బరువు లాగించాడు. పేరు రిచర్డ్ ట్రెవిథిక్. ఏప్రిల్ 22 ఆయన వర్ధంతి.

పేరు కొత్తగా ఉందా? ఉండొచ్చు. కాజీపేట మీదుగా రోజూ రైల్లో వెళ్లొచ్చేవాళ్లని అడిగినా ఈ పేరు చెప్పేవాళ్లు తక్కువే. రైలింజిన్ ఎవరు కనిపెట్టారంటే జార్జ్ స్టీఫెన్సన్ అంటాం. ఆవిరి ఇంజిన్ ఎవరు కనిపెట్టారంటే జేమ్స్ వాట్ అంటాం. టీ కెటిల్ మూత ఎగరడం చూసి కనిపెట్టాడని చిన్నప్పుడు బళ్లో చెప్పిన కథ కూడా గుర్తొస్తుంది. ఈ రెండు పేర్ల మధ్యలో పడి నలిగిపోయినవాడే ట్రెవిథిక్.

కెటిల్ కథ కాస్త పక్కన పెడితే..

నిజానికి జేమ్స్ వాట్ పుట్టింది 1736లో. ఇంగ్లండ్‌లో థామస్ న్యూకొమెన్ అనే ఇనుప సామాన్ల వ్యాపారి 1712లోనే గనిలో నీళ్లు తోడే ఆవిరి ఇంజిన్‌ని నడిపించాడు. అంతకంటే ముందు, 1679లో, డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచ్ ఆయన మూత బిగించి ఎముకల్ని కూడా మెత్తగా ఉడికించే పాత్ర తయారుచేశాడు. మన కుక్కర్‌కి ముత్తాత అదే. విజిల్‌లాగా బరువు పెట్టి, ఆవిరి ఎక్కువైతే బయటికి వదిలే పద్ధతీ పాపిన్‌దే.

న్యూకొమెన్ ఇంజిన్ ఎలా పనిచేసేదంటే.. పెద్ద సిలిండర్‌లోకి ఆవిరి పంపి, దాని మీద చల్లటి నీళ్లు చల్లేవాళ్లు. ఆవిరి మళ్లీ నీరైపోతే లోపల ఖాళీ ఏర్పడుతుంది. అప్పుడు బయట ఉన్న గాలి బరువే పిస్టన్‌ని కిందికి తోస్తుంది. అంటే పని చేసేది ఆవిరి కాదు, గాలి! ప్రతిసారీ సిలిండర్‌ని వేడి చేయడం, చల్లార్చడం.. బొగ్గు విపరీతంగా కాలిపోయేది.

వాట్ చేసిన మార్పు అక్కడే. ఆవిరిని చల్లార్చడానికి వేరే పాత్ర పెట్టాడు. సిలిండర్ ఎప్పుడూ వేడిగానే ఉంటుంది. బొగ్గు ఖర్చు బాగా తగ్గింది. 1769లో పేటెంట్ తీసుకున్నాడు. 1775లో పార్లమెంటు దాన్ని 1800 దాకా పొడిగించింది. ఆ పొడిగింపే ట్రెవిథిక్ జీవితంలో మొదటి గోడ.

గనుల ఊళ్లో పుట్టిన ఆరడుగుల రెండంగుళాల మనిషి

ట్రెవిథిక్ 1771 ఏప్రిల్ 13న ఇంగ్లండ్ నైరుతి మూలన ఉన్న కార్న్‌వాల్‌లో, ఇల్లోగన్ దగ్గర పుట్టాడు. చుట్టూ రాగి, తగరం గనులు. తండ్రి గనిలో కెప్టెన్, అంటే పనులన్నీ చూసుకునే పెద్ద. మనకి ఇల్లందు, కొత్తగూడెం పిల్లలు ఎలాగో అలాగన్నమాట. సైరన్ మోతలు, షిఫ్టు మాటలు వింటూ పెరిగాడు.

చదువు అంతంతమాత్రం. బడి ఎగ్గొట్టేవాడు, మొండి, చెప్పిన మాట వినడు అని మాస్టారు తేల్చేశాడు. లెక్కల్లో మాత్రం తనదైన అడ్డదారిలో సరైన జవాబు తెచ్చేవాడట. ఎత్తు ఆరడుగుల రెండు అంగుళాలు. కుస్తీ పట్టేవాడు. ఇంజిన్ షెడ్డు పైకప్పు మీదుగా సమ్మెట విసిరేవాడని కార్న్‌వాల్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. కార్న్‌వాల్ రాక్షసుడు అనే పేరు అలా వచ్చింది.

19 ఏళ్లకే గని పనిలో చేరాడు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. కార్న్‌వాల్‌లో గనులున్నాయి కానీ బొగ్గు లేదు. అది వేల్స్ నుంచి ఓడల్లో రావాలి. గని లోతుకి వెళ్లేకొద్దీ నీళ్లు ఊరతాయి, తోడాలంటే ఇంజిన్ కావాలి, ఇంజిన్‌కి బొగ్గు కావాలి. వాట్ ఇంజిన్ బొగ్గు ఆదా చేసింది నిజమే. కానీ ఆదా అయిన బొగ్గు విలువలో మూడో వంతు వాట్ కంపెనీకి కట్టాలి. నెలనెలా ఆ డబ్బు కడుతూ గని యజమానులు ఉడికిపోయేవాళ్లు. పేటెంట్ తప్పించుకునే ఇంజిన్ ఎవరైనా చేస్తారా అని ఎదురుచూసేవాళ్లు.

ఎడ్వర్డ్ బుల్ అనే ఇంజనీర్‌తో కలిసి ట్రెవిథిక్ ఆ పనికే దిగాడు. వాట్ కంపెనీ కోర్టుకెళ్లి, ఇద్దరి మీదా 1796లో ఆర్డర్లు తెచ్చింది. వాట్ దారిలో వెళ్తే లాభం లేదని అప్పటికి ట్రెవిథిక్‌కి బాగా అర్థమైంది. మరి వేరే దారి ఏది?

అసలు ట్విస్ట్ ఇక్కడే

ఆవిరిని చల్లార్చడమే మానేస్తే? ఆవిరితోనే నేరుగా పిస్టన్‌ని తోయించి, పని అయ్యాక గాల్లోకి వదిలేస్తే? వాట్ పేటెంట్ మొత్తం చల్లార్చే పాత్ర మీదే ఉంది. ఆ పాత్రే లేకపోతే పేటెంటూ లేదు, కట్టాల్సిన డబ్బూ లేదు.

కానీ అలా చేస్తే ఎంత శక్తి వృథా అవుతుంది? లెక్క తనకి రాదు. లెక్కలు బాగా తెలిసిన స్నేహితుడు డేవీస్ గిడ్డీని అడిగాడు. గిడ్డీ తర్వాతి కాలంలో రాయల్ సొసైటీకి అధ్యక్షుడయ్యాడు. ఆయన చెప్పిన జవాబు చాలా సింపుల్. పోయేది ఒక్క వాతావరణ పీడనం, అంతే. ఆవిరి ఎంత ఒత్తిడితో ఉన్నా నష్టం మాత్రం అంతే ఉంటుంది. కరెంటు బిల్లులో ఫిక్స్‌డ్ ఛార్జీ లాంటిదనుకోండి. పది యూనిట్లు కాల్చినా, వంద యూనిట్లు కాల్చినా అది మారదు. అంటే ఒత్తిడి పెంచేకొద్దీ ఆ నష్టం లెక్కలోకే రాదు. ట్రెవిథిక్ ముఖం వెలిగిపోయింది.

ఒత్తిడి అంటే ఎంత? వాట్ ఇంజిన్లలో ఆవిరి ఒత్తిడి చదరపు అంగుళానికి 5 పౌండ్ల దగ్గర ఉండేది. మన ఇంటి కుక్కర్‌లో సుమారు 15 పౌండ్లు. ట్రెవిథిక్ 50 పౌండ్ల దాకా వెళ్లాడు. ఒత్తిడి ఎక్కువైతే సిలిండర్ చిన్నదైనా సరిపోతుంది. అప్పటిదాకా ఆవిరి ఇంజిన్ అంటే రెండు మూడంతస్తుల భవనంలో బిగించాల్సిన వస్తువు. ఇప్పుడది చక్రాల మీద పెట్టేంత చిన్నదైంది. పేటెంట్ డబ్బు ఎగ్గొట్టాలన్న ఆలోచన నుంచి రైలింజిన్ పుట్టిందంటే నమ్మబుద్ధి కాదు కానీ, జరిగింది మాత్రం దాదాపు అదే.

జేమ్స్ వాట్‌కి ఇది అస్సలు నచ్చలేదు. అంత ఒత్తిడి ఆవిరి పేలుతుంది, మనుషుల్ని చంపుతుంది అని ఆయన వాదన. ఇలాంటి పని చేసినందుకు తనని ఉరి తీయాలని వాట్ అన్నట్టు ట్రెవిథిక్ చివరి రోజుల్లో ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. వాట్ భయం ఉత్తిదేమీ కాదు. అది కాసేపట్లో తెలుస్తుంది.

క్రిస్మస్ ముందు రోజు.. కామ్‌బోర్న్ గుట్ట మీదికి

1797లో జేన్ హార్వేని పెళ్లి చేసుకున్నాడు. హేల్ అనే ఊళ్లో పెద్ద ఇనుప ఫౌండ్రీ ఉన్న కుటుంబం ఆమెది. మొదట్లో ట్రెవిథిక్ చిన్న చిన్న మోడళ్లు చేసి ఇంట్లో బల్ల మీద నడిపి చూపించేవాడు. తర్వాత పెద్ద బండికే ఎసరు పెట్టాడు.

1801 డిసెంబర్ 24. కామ్‌బోర్న్‌లో వాన పడుతోంది. ఫోర్జ్ బయట, మామూలు మట్టి రోడ్డు మీద ఒక ఇనుప బండి. పొగలు కక్కుతోంది. ఆవిరి పట్టగానే నిలబడి చూస్తున్నవాళ్లు ఏడెనిమిది మంది ఎగిరి ఎక్కేశారు. బండి గుట్టపైకి కదిలింది. మనిషి నడక కంటే వేగంగా! గుర్రం లేదు, ఎద్దు లేదు. జనం దానికి పొగలు కక్కే దెయ్యం అని అర్థం వచ్చే పేరు పెట్టారు.

నాలుగు రోజులు తిరక్కుండానే ఆ దెయ్యం కాలిపోయింది. దారిలో గుంతలో పడి ఆగిపోతే, బండిని ఓ షెడ్డులోకి తోసి అందరూ పక్కనే ఉన్న సత్రంలోకి వెళ్లారు. కాల్చిన బాతు మాంసం, మందు. లోపల మంట ఆర్పాలన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. బాయిలర్‌లో నీళ్లు ఇంకిపోయాయి, ఇనుము ఎర్రగా కాలింది, బండితో పాటు షెడ్డూ బూడిదైంది. పొయ్యి మీద కుక్కర్ పెట్టి సీరియల్‌లో పడిపోయినట్టే ఇది కూడా.

1802లో బంధువు ఆండ్రూ వివియన్‌తో కలిసి పేటెంట్ తీసుకున్నాడు. 1803లో లండన్ వీధుల్లో ఎనిమిది మంది కూర్చునే ఆవిరి బండి నడిపించాడు. కార్లు రావడానికి ఎనభై ఏళ్ల ముందు! కానీ కుదుపులు భరించలేక, ఖర్చు భరించలేక ఎవరూ ముందుకి రాలేదు. ఓసారి అది తోట కంచెను కూడా గుద్దింది.

నలుగురు చనిపోయారు

అదే 1803 సెప్టెంబర్‌లో లండన్ పక్కన గ్రీనిచ్‌లో ట్రెవిథిక్ ఇంజిన్ ఒకటి పేలింది. నీళ్లు తోడడానికి పెట్టిన ఇంజిన్ అది. చూసుకోవాల్సిన కుర్రాడు వాల్వ్‌ని కదలకుండా చేసి చేపలు పట్టడానికి పోయాడు. ఇంకో పనివాడు వచ్చి ఇంజిన్ ఆపేశాడు కానీ ఆవిరి బయటికి పోయే దారి తెరవలేదు. నలుగురు పోయారు.

వాట్ కంపెనీ దీన్ని వదులుతుందా? ఎక్కువ ఒత్తిడి ఆవిరి అంటే చావే అని గట్టిగా ప్రచారం చేసింది. తప్పు పనివాళ్లదని ట్రెవిథిక్ చెప్పాడు. కానీ అక్కడితో ఆగిపోలేదు. నిజం చెప్పాలంటే ఆయన జీవితంలో నాకు బాగా నచ్చింది ఈ భాగమే. పనివాడు తప్పు చేస్తాడు, మర్చిపోతాడు, తాగుతాడు, చేపలకి పోతాడు. అయినా సరే బాయిలర్ పేలకూడదు. అలా ఆలోచించి, బాయిలర్‌కి ఒకటి బదులు రెండు వాల్వులు పెట్టాడు. అందులో ఒకటి పనివాడి చేతికి అందకుండా తాళం వేశాడు. లోపల ఒత్తిడి ఎంతుందో చూపించే పాదరసం గొట్టం పెట్టాడు. వీటన్నిటికీ తోడు సీసం బిరడా.

అది ఎలా పనిచేస్తుందంటే.. బాయిలర్‌లో మంటకి సరిగ్గా పైన చిన్న కన్నం చేసి సీసంతో మూసేస్తారు. పైన నీళ్లు ఉన్నంతసేపు సీసం చల్లగా ఉంటుంది. నీళ్లు తగ్గి అది బయటపడిందో, వేడికి కరిగిపోతుంది. కన్నం తెరుచుకుని ఆవిరి నేరుగా మంట మీదికి దూకి దాన్ని ఆర్పేస్తుంది. ఎవరూ చూడకపోయినా పని జరిగిపోతుంది. తర్వాత నూటయాభై ఏళ్లకి పైగా ప్రపంచంలోని ఆవిరి రైలింజిన్లన్నీ ఇలాంటి బిరడాతోనే తిరిగాయి. కాజీపేట షెడ్డుకొచ్చిన బొగ్గు ఇంజిన్లలో కూడా అదే. మీ కుక్కర్ మూత మీద ఉన్నదీ అదే సూత్రం.

ఐదొందల గినీల పందెం

ఇక అసలు రోజు. వేల్స్‌లో మెర్తిర్ టిడ్‌విల్ అనే ఊరు. అక్కడ పెనిడారెన్ ఇనుప కర్మాగారం యజమాని శామ్యూల్ హోమ్‌ఫ్రే. పక్క కర్మాగారం యజమాని రిచర్డ్ క్రాషే. ఇద్దరూ మొండిఘటాలే. ట్రెవిథిక్ ఇంజిన్ పది టన్నుల ఇనుముని కాలువ గట్టు దాకా లాగగలదా లేదా అని 500 గినీల పందెం కాశారు. అప్పటికి ఆ పట్టాల మీద బళ్లని గుర్రాలే లాగేవి.

1804 ఫిబ్రవరి 21. పది టన్నుల ఇనుము, ఐదు బళ్లు. చూడ్డానికి వచ్చినవాళ్లు ఆగలేక 70 మంది ఎక్కేశారు. పెనిడారెన్ నుంచి అబర్‌కనన్ దాకా దాదాపు 16 కిలోమీటర్లు.  పట్టిన టైమ్ 4 గంటల 5 నిమిషాలు. దారిలో అడ్డొచ్చిన చెట్లు కొట్టడం, రాళ్లు తొలగించడం కూడా ఇందులోనే. ఇంజిన్ దమ్ముకొద్దీ లాగింది. ప్రపంచంలో ఆవిరి ఇంజిన్ పట్టాల మీద బరువు లాగిన మొదటి ప్రయాణంగా చరిత్రకెక్కింది ఇదే.

ఇంకో సంగతి. పని అయిపోయిన ఆవిరిని ట్రెవిథిక్ పొగగొట్టంలోకి వదిలాడు. ఆ ఊపుకి పొయ్యిలోకి గాలి బాగా లాగి మంట ఇంకా పెరిగింది. పాత పొగబండి అంటే మనకి గుర్తొచ్చే ఛుక్ ఛుక్ శబ్దం ఉంది చూశారా, అది సరిగ్గా ఇదే. ఆవిరి దఫదఫాలుగా పొగగొట్టంలోకి వెళ్లే చప్పుడు.

మరి అంత గెలుపు తర్వాత ఏమైంది? తిరుగు ప్రయాణంలో బోల్టు విరిగి ఇంజిన్ ఆగిపోయింది. అది చిన్న విషయం. పెద్ద విషయం పట్టాలు. ఇంజిన్ బరువు ఐదు టన్నులు. పోత ఇనుప పట్టాలు గుర్రపు బళ్ల కోసం వేసినవి. పెళుసుగా ఉండి, ఇంజిన్ తిరిగిన ప్రతిసారీ పగిలేవి. కొన్ని ప్రయాణాల తర్వాత హోమ్‌ఫ్రే ఇంజిన్‌ని చక్రాల మీంచి దించి ఒకచోట బిగించేశాడు. మరుసటి ఏడాది ఉత్తర ఇంగ్లండ్‌లో వైలమ్ గని కోసం ఇంకో ఇంజిన్ చేస్తే, అక్కడ చెక్క పట్టాలు. దాని బరువుకి అవీ ఆగలేదు.

ఇంజిన్ రెడీ, రోడ్డు రెడీగా లేదు. ఆయన రైలు కథ మొత్తం ఈ ఒక్క ముక్కలో ఉంది. స్టీఫెన్సన్ గొప్పతనం తక్కువేం కాదు. ఇంజిన్‌తో పాటు పట్టాలు, వంతెనలు, పెట్టుబడి, అన్నీ కలిపి ఆలోచించాడు. ట్రెవిథిక్‌కి ఆ ఓపిక లేదు. ఒకటి ఆగిపోతే దాన్ని బాగుచేసే లోపు ఇంకోటి మొదలుపెట్టేవాడు.

నది కింద సొరంగం, నగరం నడుమ సర్కస్ రైలు

1807లో లండన్‌లో థేమ్స్ నది కింద సొరంగం తవ్వే పని ఒప్పుకున్నాడు. వెయ్యి అడుగులు దాటి తవ్వేశారు. అవతలి గట్టుకి ఇంకా కొద్దిగానే మిగిలింది. 1808 జనవరిలో నది పగిలి లోపలికి వచ్చింది. పనివాళ్లందరినీ ముందు పంపి, చివర్లో బయటికి వచ్చిన ట్రెవిథిక్ మునిగిపోవాల్సినవాడే, తృటిలో తప్పించుకున్నాడు. కంపెనీ వాళ్లు తగాదాలు పడి పని ఆపేశారు. థేమ్స్ కింద సొరంగం జనానికి తెరుచుకోవడానికి 1843 దాకా ఆగాల్సి వచ్చింది. అది బ్రూనెల్ పుణ్యం.

అదే ఏడాది వేసవిలో లండన్ నడిబొడ్డున గుండ్రంగా పట్టాలు వేసి, చుట్టూ కంచె కట్టి, లోపల రైలు తిప్పాడు. టికెట్ ఒక షిల్లింగ్. మన నుమాయిష్‌లో టాయ్ ట్రైన్ ఎక్కడం లాంటిదే కానీ, ప్రపంచంలో టికెట్ తీసుకుని ఆవిరి రైలెక్కిన మొదటి జనం వీళ్లే. దమ్ముంటే నన్ను పట్టుకో అనే అర్థం వచ్చే పేరు ఆ ఇంజిన్‌కి. పేరు పెట్టింది గిడ్డీ చెల్లెలట. కింద నేల మెత్తగా ఉండి మళ్లీ పట్టా విరిగింది, ఇంజిన్ పక్కకి పడింది. కొద్ది వారాల్లోనే అంతా సర్దేశారు. ఆ తర్వాత ట్రెవిథిక్ మళ్లీ రైలింజిన్ జోలికి వెళ్లలేదు.

1810లో టైఫస్ జ్వరం వచ్చి చావు దాకా వెళ్లాడు. ఊరికి తిరిగొచ్చాక, 1811లో దివాళా తీశాడు. కొత్త కొత్త ఐడియాల కోసం రాబర్ట్ డికిన్సన్ అనే వ్యాపారితో పెట్టుకున్న భాగస్వామ్యం మిగిల్చింది అదే. విచిత్రం ఏంటంటే, చేతిలో పైసా లేని ఈ రోజుల్లోనే ఆయన బెస్ట్ పని చేశాడు. 1812లో వీల్ ప్రాస్పర్ అనే గనిలో కొత్త రకం బాయిలర్, కొత్త రకం ఇంజిన్. కార్నిష్ ఇంజిన్‌గా పేరొచ్చిన ఆ రకం తర్వాత దశాబ్దాల పాటు ప్రపంచమంతా నీళ్లు తోడింది. ధాన్యం నూర్చే ఆవిరి యంత్రం కూడా ఆ ఏడాదే చేశాడు. అంటే మన కళ్లాల్లో వరి నూర్పిడి మిషన్‌కి పూర్వీకుడన్నమాట. దేనికీ పేటెంట్ గట్టిగా పట్టుకోలేదు.

పెరూలో వెండి.. ఇంట్లో ఆరుగురు పిల్లలు

ఇక్కడి నుంచి కథ సినిమాలా ఉంటుంది. పెరూలో, ఆండీస్ పర్వతాల్లో సుమారు 4,300 మీటర్ల ఎత్తున సెర్రో డి పాస్కో అనే వెండి గనుల ఊరు. గనులన్నీ నీళ్లతో నిండిపోయాయి. వాట్ ఇంజిన్ అక్కడ పనికిరాదు. ఎందుకంటే అది గాలి బరువు మీద ఆధారపడుతుంది, అంత ఎత్తులో గాలే పలుచన. పైగా అంత బరువుని కంచర గాడిదల మీద కొండెక్కించడం అయ్యే పని కాదు. ఫ్రాన్సిస్కో ఉవిల్లే అనే ఆయన మందు వెతుక్కుంటూ ఇంగ్లండ్ వచ్చాడు. లండన్‌లో ఓ షాపు అద్దాల వెనక ట్రెవిథిక్ ఇంజిన్ మోడల్ ఒకటి కనిపించింది. కొనుక్కుని పెరూ తీసుకెళ్లాడు. కొండ మీద అది చక్కగా తిరిగింది!

1814లో తొమ్మిది ఇంజిన్లు ఓడెక్కాయి. ముక్కలు ముక్కలుగా విప్పి కొండ మీదికి చేర్చారు. అక్కడి పనులు సరిగా సాగట్లేదని తెలిసి, 1816 అక్టోబర్ 20న ట్రెవిథిక్ స్వయంగా తిమింగలాల వేట ఓడ ఎక్కాడు. పెరూలో మొదట రాజ మర్యాదలు. తర్వాత గొడవలు. ఆ పైన స్పెయిన్ మీద స్వాతంత్ర్య యుద్ధం. బొలీవార్ సైన్యంలో కొన్నాళ్లు పనిచేయాల్సి వచ్చింది. గనుల్లో ఇంజిన్లు ధ్వంసమయ్యాయి. తవ్విపెట్టుకున్న ఖనిజాన్ని వదిలేసి కోస్టారికా వెళ్లాడు. అక్కడ బంగారం, వెండి గనుల కలలు. అడవులు దాటి అట్లాంటిక్ తీరానికి దారి వెతుకుతూ మునిగిపోబోయాడు, మొసలి నోట్లో పడబోయి బతికాడని కూడా చెప్తారు.

ఈ సాహసాలు చదువుతుంటే బాగానే ఉంటుంది. కానీ కార్న్‌వాల్‌లో జేన్ సంగతి? ఆరుగురు పిల్లలు. భర్త వెళ్లి పదకొండేళ్లు. డబ్బు రాదు, ఉత్తరాలు కూడా దాదాపు లేవు. ఆమె తమ్ముడు హెన్రీ హార్వే అండగా నిలబడి, హేల్‌లో వైట్ హార్ట్ అనే సత్రం నడిపించుకునేలా చేశాడు. ఆ సత్రం మీదే పిల్లల్ని పెంచింది. గల్ఫ్ వెళ్లి ఏళ్ల తరబడి పత్తా లేని మనుషుల ఇళ్లు మన జిల్లాల్లో చాలా చూశాం. ట్రెవిథిక్‌ని దురదృష్టవంతుడైన మేధావి అని అందరూ రాస్తారు. ఆ దురదృష్టంలో సగం మోసింది జేన్ అని రాసేవాళ్లు తక్కువ.

1825లో స్టీఫెన్సన్ స్టాక్టన్ - డార్లింగ్టన్ రైలు మొదలైంది. ఆ టైమ్‌కి రైలింజిన్ మొదట నడిపినవాడు కోస్టారికా అడవుల్లో ఉన్నాడు.

స్టీఫెన్సన్ కొడుకు ఇచ్చిన 50 పౌండ్లు

1827. కొలంబియా తీరంలో కార్టహేనా రేవు. చిరిగిన బట్టలతో, జేబులో చిల్లిగవ్వ లేని ఓ పొడవాటి మనిషి. అదే ఊళ్లో ఇంటికి వెళ్లే ఓడ కోసం ఎదురుచూస్తున్న ఓ యువ ఇంజనీర్. పేరు రాబర్ట్ స్టీఫెన్సన్.. జార్జ్ స్టీఫెన్సన్ కొడుకు! రాబర్ట్ పసివాడిగా ఉన్నప్పుడు ట్రెవిథిక్ వాళ్లింటికి వెళ్లి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడని చెప్తారు. రాబర్ట్ 50 పౌండ్లు ఇచ్చి, ఆయన ఇంటికి వెళ్లే దారి చూపించాడు. రెండేళ్ల తర్వాత అదే రాబర్ట్ చేతిలో తయారైన రాకెట్ ఇంజిన్ పోటీలో గెలిచి ప్రపంచ ప్రసిద్ధి చెందింది. అందులో ఎక్కువ ఒత్తిడి ఆవిరి, పొగగొట్టంలోకి వదిలే ఆవిరి.. రెండూ ట్రెవిథిక్ దారే.

అక్టోబర్‌లో ఇంటికి చేరాడు. పదకొండేళ్ల తర్వాత ఆయన తెచ్చింది ఒంటి మీద బట్టలు, ఓ బంగారు వాచీ, గీతలు గీసుకునే కంపాస్, దిక్సూచి, గుర్రపు స్వారీకి వాడే ఓ జత వెండి ముల్లులు. అంతే.

తన ఇంజిన్ల వల్ల దేశానికి బోలెడు బొగ్గు ఆదా అయింది, ఏదైనా సాయం చేయండని 1828లో పార్లమెంటుకి అర్జీ పెట్టుకున్నాడు. ఏమీ ఇవ్వలేదు. వాట్‌కి పేటెంట్ పొడిగించింది ఇదే పార్లమెంటు. అయినా మనిషి చల్లబడలేదు. 1832లో, ఓటు హక్కు చట్టం వచ్చిన సందర్భంగా వెయ్యి అడుగుల ఇనుప స్తంభం కట్టాలని, లోపల గాలి ఒత్తిడితో జనాన్ని పైకి పంపాలని ప్లాన్ గీశాడు. వెయ్యి అడుగులంటే, యాభై ఏడేళ్ల తర్వాత లేచిన ఈఫిల్ టవర్ ఎత్తు. ఎవరూ పట్టించుకోలేదు.

చివరి పని డార్ట్‌ఫర్డ్‌లో, జాన్ హాల్ అనే ఆయన కర్మాగారంలో. బుల్ హోటల్లో బస. న్యుమోనియా వచ్చి వారం పాటు మంచాన పడ్డాడు. 1833 ఏప్రిల్ 22న పోయాడు. 62 ఏళ్లు. పక్కన సొంతవాళ్లు ఎవరూ లేరు, అంత్యక్రియలకి డబ్బు లేదు. కర్మాగారంలో తోటి పనివాళ్లు చందాలేసుకున్నారు. వాళ్లే పాడె మోశారు. ఆ రోజుల్లో శవాలు ఎత్తుకెళ్లి అమ్ముకునే దొంగలుండేవాళ్లు. అందుకని రాత్రిపూట సమాధికి కాపలా కూడా పెట్టారు. రాయి వేయడానికి మాత్రం డబ్బు మిగల్లేదు. ఆ శ్మశానంలో ఆయన ఎక్కడున్నాడో సరిగ్గా చెప్పే గుర్తు లేదు.

మన దాకా వచ్చిన ఆవిరి

బొంబాయి - ఠాణా మధ్య మన దేశంలో మొదటి ప్యాసింజర్ రైలు నడిచింది 1853లో. నిజాం రైల్వే సికింద్రాబాద్ నుంచి వరంగల్ మీదుగా 1889 నాటికి బెజవాడ చేరింది. అప్పట్లో వరంగల్ సుబాలోనే ఉన్న ఇల్లందు నుంచి సింగరేణి బొగ్గు వచ్చి ఈ ఇంజిన్ల కడుపు నింపేది. మీ ఇంట్లో డెబ్బై దాటినవాళ్లుంటే అడగండి. కిటికీ పక్కన కూర్చుంటే కంట్లో బొగ్గు నలుసు పడిన కథ ఒకటి తప్పకుండా చెప్తారు. బ్రాడ్‌గేజ్ మీద ఆవిరి ఇంజిన్లు 1995లో ఆగిపోయాయి. కాజీపేటలో ఇప్పుడు డీజిల్, ఎలక్ట్రిక్ షెడ్లున్నాయి. వ్యాగన్ల తయారీ యూనిట్‌కి 2023 జులై 8న శంకుస్థాపన జరిగింది.

ట్రెవిథిక్ కుటుంబంలో మాత్రం రైలు ఆగలేదు. కొడుకు ఫ్రాన్సిస్ ఇంగ్లండ్‌లో పెద్ద రైల్వే కంపెనీకి ఇంజిన్ల విభాగం అధిపతి అయ్యాడు. తండ్రి జీవిత చరిత్ర 1872లో అచ్చేసింది ఆయనే. మనవళ్లు ఇద్దరు జపాన్ వెళ్లారు. వాళ్లలో తాత పేరే పెట్టుకున్న రిచర్డ్, 1893లో జపాన్ గడ్డ మీద తయారైన మొట్టమొదటి రైలింజిన్‌ని కోబేలో కట్టించాడు. కామ్‌బోర్న్‌లో 1932లో ట్రెవిథిక్ విగ్రహం పెట్టారు. చేతిలో చిన్న ఇంజిన్ మోడల్ పట్టుకుని ఆ గుట్ట వైపే చూస్తుంటాడు. ఏటా ఏప్రిల్ చివరి శనివారం ఊరు ఊరంతా ఆయన పేరు మీద పండగ చేస్తుంది, పాత ఆవిరి బళ్లు వీధుల్లో తిరుగుతాయి.

జేన్ మాత్రం భర్త పోయాక ఇంకో ముప్పై అయిదేళ్లు బతికింది. 1868లో, తొంభై అయిదు దాటాక కన్నుమూసింది. అప్పటికి కార్న్‌వాల్ నుంచి నేరుగా లండన్‌కి రైళ్లు తిరుగుతున్నాయి.